తిరగని తాళంచెవిని భద్రతా లోపంగా గుర్తించాలి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,
న్యూఢిల్లీ.

విషయం: కార్లలో ఇగ్నిషన్ తాళంచెవి ఇరుక్కుపోయి ఇంజను ఆగకపోవడం; కారణాల నమోదు, మరమ్మతు పద్ధతి, వాహనదారులకు సమాచారం.

మహాశయా,

కారు ఇగ్నిషన్ తాళంలో చెవి వెనక్కి తిరగకపోవడం, తిరిగినా ఇంజను ఆగకపోవడం, ఇంజను ఆగినా చెవి బయటికి రాకపోవడం మూడు వేర్వేరు లోపాలు. వాటి కారణాలు వేరు, ప్రమాద స్థాయి వేరు, మరమ్మతు వేరు. అయినా ఈ మూడింటినీ ఒకే చిల్లర ఇబ్బందిగా లెక్కగట్టి, చమురు చుక్క వేసో, తాళం మొత్తం మార్చో బండిని పంపించే అలవాటు మరమ్మతు రంగంలో బలపడింది. కారణం తేల్చకుండా భాగం మార్చడం వల్ల యజమానికి అనవసరపు ఖర్చు కలుగుతుంది. అంతకు మించి, ఒక నమూనా కార్లన్నిటిలో దాగి ఉన్న తయారీ లోపం ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది. ఈ లేఖ ఉద్దేశం ఆ లోపం స్వరూపాన్ని సాంకేతికంగా వివరించి, దాన్ని భద్రతా లోపాల జాబితాలో చేర్చి నమోదు చేయించవలసిందిగా మంత్రిత్వ శాఖను కోరడం.

ఇగ్నిషన్ తాళానికి సాధారణంగా నాలుగు స్థానాలుంటాయి. మొదటిదైన ‘లాక్’ స్థానంలో విద్యుత్తు ఆగి, స్టీరింగు బిగుసుకొని, చెవి బయటికి వస్తుంది; రెండవదైన ‘ఏసీసీ’లో రేడియో వంటి పరికరాలకు మాత్రమే విద్యుత్తు అందుతుంది; మూడవదైన ‘ఆన్’లో ఇంజను నడవడానికి కావలసిన వలయాలన్నీ పనిచేస్తాయి; నాలుగవదైన ‘స్టార్ట్’లో స్టార్టరు మోటారు ఇంజనును తిప్పుతుంది, చెయ్యి వదలగానే ఒక స్ప్రింగు చెవిని తిరిగి ‘ఆన్’కు తెస్తుంది. చెవి తిప్పితేనే ఇంజను మొదలయ్యే ఈ ఏర్పాటును అమెరికాలో 1949 నమూనా కార్లతో క్రైస్లర్ సంస్థ ప్రవేశపెట్టింది. అంతకు ముందు స్టార్టరుకు వేరే మీట ఉండేది. తాళాన్ని స్టీరింగు స్తంభం మీదికి తెచ్చి, స్టీరింగును కూడా దానితో బిగించే పద్ధతి దొంగతనాల నివారణ కోసం 1970 ప్రాంతంలో అక్కడ సర్వసాధారణమైంది. ఇలా ఒక్కొక్క బాధ్యతే చేరుతూ వచ్చి, ఈనాడు ఒకే చెవి ఇంజనును, విద్యుత్తును, స్టీరింగును, కొన్ని కార్లలో గేరును కూడా శాసిస్తున్నది. చెవి మొరాయించినప్పుడు లోపం వీటిలో ఎక్కడైనా ఉండవచ్చు.

మొదటి భాగం తాళపు సిలిండరు. చెవి దూరే ఈ గుండ్రని లోహపు దిమ్మెలో వేఫర్లు అనే పలుచని పలకలు, ఒక్కొక్క పలకకూ ఒక చిన్న స్ప్రింగు ఉంటాయి. సరైన చెవి దూరినప్పుడు దాని గాట్లు పలకలన్నిటినీ ఒకే మట్టానికి తెస్తాయి, అప్పుడే సిలిండరు తిరుగుతుంది. ఒక్క పలక మట్టం తప్పినా దాని కొన చుట్టూ ఉన్న గూటి గాడిలో తట్టుకొని సిలిండరును ఆపేస్తుంది. ఏళ్ల తరబడి వాడిన చెవి గాట్లు అరిగిపోవడం, పలకల అంచులు మొద్దుబారడం, దుమ్ము చమురుతో కలిసి జిగురుగా మారడం, సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల లోపలి సన్నని స్ప్రింగులు తుప్పుపట్టడం ఈ తట్టుకోవడానికి ప్రధాన కారణాలు. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బిళ్లలు కలిపి కారు చెవికి తగిలించే బరువైన గుత్తి, గతుకుల రోడ్డు మీద ఊగుతూ ఈ అరుగుదలను మరింత త్వరితం చేస్తుంది.

రెండవ భాగం స్టీరింగు లాకు. చెవి తీసినప్పుడు ఒక లోహపు బోల్టు స్టీరింగు దండంలోని గాడిలో పడి చక్రాన్ని బిగిస్తుంది. ముందు చక్రాలు రోడ్డు అంచుకు ఒరుసుకొని ఉన్నప్పుడు ఆ బోల్టు మీద ఒత్తిడి పడి, చెవి ‘లాక్’ నుంచి ముందుకు కదలదు. స్టీరింగును రెండు వైపులకూ కొద్దిగా కదిలిస్తూ చెవిని తిప్పితే ఒత్తిడి వదులుతుంది. ఇది లోపం కాదు. అలాగే చాలా మాన్యువల్ గేరు కార్లలో ‘ఏసీసీ’ నుంచి ‘లాక్’కు రావాలంటే చెవిని లోపలికి నొక్కి తిప్పాలి. నడుస్తున్న బండిలో పొరపాటున స్టీరింగు బిగుసుకుపోకుండా చేసిన రక్షణ అది. ఆ సంగతి తెలియక చెవి ఇరుక్కుందని భావించి, బలప్రయోగంతో దాన్ని విరగ్గొట్టుకునేవారూ ఉన్నారు.

మూడవది ఆటోమేటిక్ గేరు కార్లలో ఉండే అంతర్బంధం, అంటే గేరు మీట ‘పి’ అనే పార్కింగు స్థానంలోకి వస్తే తప్ప చెవి ‘లాక్’కు తిరగకుండా, బయటికి రాకుండా అడ్డుకునే ఏర్పాటు. గేరు వేసి ఉన్న బండిని వదిలి దిగిపోతే అది దొర్లిపోయే ప్రమాదం ఉన్నందున, అమెరికా భద్రతా ప్రమాణం 114 దీన్ని 1992 నుంచి తప్పనిసరి చేసింది. కొన్ని కార్లలో ఒక తీగ, కొన్నింటిలో సోలెనాయిడ్ అనే విద్యుదయస్కాంత మీట ఈ పని చేస్తుంది. గేరు మీట కింద ఉండే చిన్న స్విచ్చి మీద టీ, శీతల పానీయం చిందినా, ఆ స్విచ్చి అరిగినా, తీగ సాగినా, బండి ‘పి’లోనే ఉన్నప్పటికీ తాళం ఆ సంగతి గ్రహించదు. కొన్ని నమూనాల్లో బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా చెవి బయటికి రాదు. ఇటువంటి బండికి కొత్త సిలిండరు వేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే లోపం చెవి దగ్గర కాక గేరు మీట దగ్గర ఉంది.

నాలుగవ భాగం సిలిండరు వెనుక ఉండే విద్యుత్ స్విచ్చి. అసలైన ప్రమాదం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. సిలిండరునూ స్విచ్చినీ కలిపే చిన్న కడ్డీ విరిగితే చెవి ‘లాక్’కు వచ్చినా స్విచ్చి ‘ఆన్’లోనే మిగిలి ఇంజను నడుస్తూనే ఉంటుంది. రిలే, అంటే తక్కువ విద్యుత్తుతో ఎక్కువ విద్యుత్తును నడిపే మధ్యవర్తి స్విచ్చి, లేకుండా అదనపు లైట్లను, పెద్ద హారన్లను, మ్యూజిక్ సిస్టమ్‌లను నేరుగా ఇగ్నిషన్ తీగకు కలిపిన కార్లలో స్విచ్చి లోపలి స్పర్శబిందువులు వేడికి కరిగి అతుక్కుపోతాయి. ‘స్టార్ట్’ నుంచి వెనక్కి తెచ్చే స్ప్రింగు బలహీనపడితే, ఇంజను మొదలైన తర్వాత కూడా స్టార్టరు మోటారు తిరుగుతూ, వందకు పైగా ఆంపియర్ల విద్యుత్తును లాగగల ఆ వలయం వేడెక్కి, మోటారు కాలిపోతుంది. ఈ స్విచ్చి ఎంత పెద్ద నష్టం తేగలదో 1996లోనే లోకానికి తెలిసింది. స్విచ్చిలో షార్ట్ సర్క్యూట్ జరిగి మంటలు లేచే అవకాశం ఉందని ఫోర్డ్ సంస్థ ఆ ఏడాది అమెరికా, కెనడాలలో 80 లక్షలకు పైగా వాహనాలను వెనక్కి పిలిపించింది.

ఇంజను ఆగని పరిస్థితిలో డ్రైవరు ఏం చేయాలన్నది ఇంతకంటే ముఖ్యమైన విషయం. బండి కదులుతుండగా చెవితో పెనుగులాడకూడదు. ఇంజను ఆగితే పవర్ స్టీరింగు సాయం పోతుంది, బ్రేకు పెడల్‌కు అందే అదనపు బలం ఒకటి రెండు తొక్కులతో అయిపోతుంది. ముందుగా బండిని పక్కకు తీసి, సమతలమైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఆటోమేటిక్ అయితే ‘పి’లో పెట్టాలి. ఇల్లు చేరాక మూసిన గ్యారేజీలో నడుస్తున్న ఇంజనును వదలకూడదు, ఎందుకంటే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు అక్కడ ప్రాణాంతకమవుతుంది. మాన్యువల్ కారులో బ్రేకును గట్టిగా తొక్కి పట్టి, ముందూ వెనకా మనుషులు లేరని చూసుకొని, పై గేరు వేసి క్లచ్చిని నెమ్మదిగా వదిలితే ఇంజను ఆగిపోతుంది. ఆటోమేటిక్ కారులో ఇంధన పంపు ఫ్యూజునో, ఇంజను నియంత్రణ ఫ్యూజునో కారుతో ఇచ్చే వివరణ పుస్తకంలో చూపిన చోటు నుంచి తీయాలి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీయడం మన రోడ్ల మీద తరచూ వినిపించే సలహా, అది తప్పుడు సలహా. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటరు, అంటే ఇంజను తిప్పే విద్యుత్ జనరేటరు, కారుకు విద్యుత్తు ఇస్తూనే ఉంటుంది కాబట్టి ఇంజను ఆగకపోవచ్చు. పైగా బ్యాటరీ తొలగిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఎలక్ట్రానిక్ భాగాలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంజను ఆగిన తర్వాత మాత్రం చెవి ‘ఆన్’లోనే ఇరుక్కుని ఉంటే, బ్యాటరీ దిగిపోకుండా నెగెటివ్ టెర్మినల్‌ను విప్పడం సరైన పని. స్టార్టరు ఆగకుండా తిరుగుతూ ఇంజను అంటుకోని సందర్భంలో ఆల్టర్నేటరు ప్రమేయం లేదు కాబట్టి, టెర్మినల్‌ను వెంటనే విప్పడమే మోటారును కాపాడుతుంది. ఇంజను ఆగిన తర్వాత రేడియేటరు ఫ్యాను కాసేపు తిరగడం చాలా కార్లలో సహజమే. దాన్ని చూసి కంగారుపడనక్కరలేదు.

మరమ్మతుకు ఒక క్రమం ఉంది, అది ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు సాగుతుంది. బీరువాలో వాడకుండా దాచిన రెండవ చెవి సాఫీగా తిరిగితే లోపం అరిగిన చెవిలోనే ఉన్నట్టు తేలుతుంది. అప్పుడు అరిగిన చెవిని చూసి నకలు తీయిస్తే అరుగుదల కూడా నకలులోకి వస్తుంది కనుక, కారుతో పాటు ఇచ్చే చిన్న బిళ్ల మీది కోడ్ నంబరు ప్రకారం కొత్త చెవిని కోయించాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో, అంటే చెవి తలలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇంజనును నడవనిచ్చే కార్లలో, చిప్‌ను కూడా కారు కంప్యూటరుకు పరిచయం చేయాలి. లేకపోతే చెవి తిరుగుతుంది గాని ఇంజను నడవదు. రెండు చెవులూ ఇరుక్కుంటే సిలిండరును శుభ్రం చేసి, గ్రాఫైట్ పొడినో టెఫ్లాన్ ఆధారిత పొడి లూబ్రికెంటునో కొద్దిగా వాడాలి. కొబ్బరి నూనె, ఇంజను ఆయిలు, గ్రీజు ఆ పూటకు ఉపశమనం ఇచ్చినా దుమ్మును పట్టి ఉంచి, లోపాన్ని పెంచుతాయి. గ్రాఫైట్ విద్యుత్ వాహకం కాబట్టి అది వెనుక ఉన్న స్విచ్చిలోకి చేరేంతగా కుమ్మరించకూడదు.

అప్పటికీ ఫలితం లేకపోతేనే సిలిండరు మార్పు. ఆ పనిలో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉన్నందున బ్యాటరీ విప్పి, తయారీదారు చెప్పిన సమయం వేచి ఉన్న తర్వాతే పని మొదలుపెట్టాలి. స్టీరింగు లాకును పట్టి ఉంచే బోల్టులను బిగించేటప్పుడు వాటి తలలు తెగిపోయేలా చేస్తారు, దొంగలు విప్పకుండా. వాటిని తొలగించాక మామూలు బోల్టులతో సరిపెట్టకూడదు. కొత్త సిలిండరులో పాత పలకల క్రమాన్నే అమరిస్తే తలుపులకూ ఇంజనుకూ ఒకే చెవి నిలుస్తుంది. చాలా కార్లలో విద్యుత్ స్విచ్చిని విడిగా మార్చవచ్చు. లోపం అక్కడ ఉంటే తాళం జోలికి పోనవసరం లేదు. పని ముగిశాక నాలుగు స్థానాలనూ పరీక్షించి, ‘స్టార్ట్’ నుంచి చెవి దానంతటదే వెనక్కి వస్తున్నదని, ‘లాక్’లో తప్ప చెవి ఊడిరావడం లేదని, ‘ఆన్’లో స్టీరింగు బిగుసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.

చిన్న భాగాన్ని చిన్న విషయంగా రాసుకోవడం ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి జనరల్ మోటార్స్ ఉదంతం చాలు. ఆ సంస్థ చెవ్రొలెట్ కోబాల్ట్, సాటర్న్ అయాన్ వంటి చిన్న కార్లలో వాడిన ఇగ్నిషన్ స్విచ్చిలో చెవిని ‘ఆన్’లో నిలిపి ఉంచే స్ప్రింగు పట్టు, నిర్దేశించిన దానికంటే బలహీనంగా ఉండేది. గుత్తి బరువుకో, మోకాలు తగిలో, గతుకుకో చెవి ‘ఏసీసీ’లోకి జారితే నడుస్తున్న కారులో ఇంజను ఆగి, పవర్ స్టీరింగు పోయి, ఎయిర్‌బ్యాగులు పనిచేయకుండా పోయేవి. ఇంజను ఆగిపోతున్నదన్న ఫిర్యాదులు వచ్చినప్పుడు దాన్ని భద్రతా సమస్యగా కాక వినియోగదారు సౌకర్యానికి సంబంధించిన విషయంగా సంస్థ వర్గీకరించింది. గుత్తిలోని అనవసరపు వస్తువులను తీసేయమని కొనుగోలుదారులకు చెప్పవలసిందిగా 2005లో డీలర్లకు సూచన పంపింది. 2006లో స్విచ్చి లోపలి భాగాన్ని మార్చినా భాగం సంఖ్యను మార్చకపోవడంతో, తర్వాతి కాలంలో దర్యాప్తు చేసినవారికి పాత స్విచ్చికీ కొత్త స్విచ్చికీ తేడా దొరకలేదు. చివరికి 2014 ఫిబ్రవరిలో రీకాల్, అంటే లోపమున్న వాహనాలను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడం, మొదలై సుమారు 26 లక్షల కార్లకు విస్తరించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఇంజను నడుస్తుండగానే చెవి ఊడివచ్చే అవకాశం ఉందని ఆ కార్ల సిలిండర్లను కూడా మార్చవలసి వచ్చింది. సంస్థ ఏర్పాటు చేసిన పరిహార నిధి 124 మరణాలను ఈ లోపానికి సంబంధించినవిగా అంగీకరించింది. 2015లో క్రిమినల్ కేసు పరిష్కారం కోసం సంస్థ 90 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఇంత నష్టానికి మూలం లోహపు నాణ్యతలో ఎంత ఉందో, ఫిర్యాదును తప్పు పద్దు కింద రాయడంలోనూ అంతే ఉంది.

చెవి బదులు బటన్ వచ్చినంత మాత్రాన ఈ సమస్య తీరలేదు. 2009 ఆగస్టులో అమెరికాలో శాన్ డియాగో సమీపాన లెక్సస్ కారు యాక్సిలరేటరు పెడల్ కింది చాపకు చిక్కుకుని ఆపశక్యం కాని వేగంతో దూసుకుపోయి నలుగురు మరణించారు. బండి నడుస్తుండగా ఇంజను ఆపాలంటే ఆ కారులో బటన్‌ను సుమారు 3 సెకన్ల పాటు నొక్కి పట్టాలి; మామూలుగా ఒకసారి నొక్కితే ఆగదు. ఈ సంగతి తెలియనివారికి ఆపద సమయంలో బటన్ ఉన్నా లేనట్టే. ఇంజనును అత్యవసరంగా ఆపే పద్ధతి ప్రతి డ్రైవరుకూ ముందే తెలిసి ఉండాలన్న వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కరలేదు.

భారతదేశంలో ఇందుకు కావలసిన చట్టం ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 110ఏ సెక్షను, పర్యావరణానికి గాని, డ్రైవరుకు, ప్రయాణికులకు, ఇతర రోడ్డు వినియోగదారులకు గాని హాని కలిగించే లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. అటువంటి లోపాన్ని యజమానుల్లో ఇంత శాతమో, ఇంత సంఖ్యలోనో నివేదించడం ఆ అధికారాన్ని వాడడానికి ఒక ఆధారం. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆ సంఖ్యలను, కోటి రూపాయల వరకు జరిమానాలను నిర్ణయించాయి. ఫిర్యాదుల సంఖ్యను బట్టి కదిలే చట్టం, ఫిర్యాదులు సరిగా నమోదైతేనే కదులుతుంది. చమురు వేసి పంపిన బండి, కారణం రాయకుండా తాళం మార్చిన బండి ఆ లెక్కలోకి రానే రావు. అందువల్ల మంత్రిత్వ శాఖ ఈ కింది చర్యలు తీసుకోవాలని విన్నపం.

మొదటిది, ఇగ్నిషన్ ఆగకపోవడం, చెవి తిరగకపోవడం, చెవి ఊడిరాకపోవడం అనే మూడింటినీ భద్రతా ఫిర్యాదులుగా విడివిడిగా నమోదు చేసి, సిలిండరు, స్టీరింగు లాకు, గేరు అంతర్బంధం, విద్యుత్ స్విచ్చి అనే నాలుగు కారణాల్లో ఏది తేలిందో బిల్లు మీద రాసి, నమూనాల వారీగా మంత్రిత్వ శాఖకు పంపవలసిందిగా తయారీదారులను, వారి అధీకృత సర్వీసు కేంద్రాలను ఆదేశించాలి.

రెండవది, మార్చిన పాత భాగాన్ని యజమానికి తిరిగి ఇవ్వాలి. విద్యుత్ స్విచ్చి విడిగా దొరికే చోట తాళం సెట్టు మొత్తం అంటగట్టకూడదు. చెవి కోడ్ బిళ్లను కారు అమ్మకం నాడే యజమాని చేతికిచ్చి, దాన్ని కారు నుంచి వేరుగా దాచుకోవాలని చెప్పాలి.

మూడవది, ఇంజను ఆగనప్పుడు చేయవలసిన పనులు, సంబంధించిన ఫ్యూజు ఉన్న చోటు, బటన్ కార్లలో నొక్కి పట్టవలసిన సమయం తెలిపే ఒక్క పుట సూచన ప్రతి కారులో ప్రాంతీయ భాషలో ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లెర్నర్ లైసెన్సు పరీక్షను తెలుగులో రాసే వీలు డ్రైవరుకు ఉంది; ఆ డ్రైవరే నడిపే కారు ఎలా ఆపాలో చెప్పే పుట తెలుగులో లేకపోవడానికి న్యాయమైన కారణం ఏదీ కనిపించదు.

నాలుగవది, లెర్నర్ లైసెన్సు పరీక్షలో, డ్రైవింగు స్కూళ్ల పాఠాల్లో ఇంజనును అత్యవసరంగా ఆపే పద్ధతిని చేర్చాలి. అదనపు లైట్లు, హారన్లు బిగించే దుకాణాలు రిలే లేకుండా ఇగ్నిషన్ తీగను వాడకూడదన్న నియమాన్ని రవాణా అధికారుల తనిఖీలో భాగం చేయాలి.

ఈ చర్యల్లో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద వ్యయమూ అక్కరలేదు. కారణం రాయని మరమ్మతును పూర్తయిన మరమ్మతుగా లెక్కించకూడదన్న ఒక్క ఉత్తర్వుతో పని మొదలవుతుంది. ఆ ఉత్తర్వును మంత్రిత్వ శాఖ ఆలస్యం లేకుండా జారీ చేయాలని, ఈలోగా వాహనదారులు తమ బిల్లుల మీద కారణం రాయించుకుని తీరాలని ఈ లేఖ కోరుతున్నది.

ఇట్లు,
వాహన వినియోగదారుల పక్షాన